పేజ్‌మేకర్‌ను వదలలేని ఊళ్లు

మార్కాపురంలోనో గిద్దలూరులోనో డీటీపీ సెంటర్‌కు వెళ్లి శుభలేఖ కంపోజింగ్‌కు ఇవ్వండి. ఇప్పటికీ చాలాచోట్ల తెర మీద తెరుచుకునేది పేజ్‌మేకర్ 7.0, అందులో అను ఫాంట్లు. ఆపరేటర్ కీబోర్డు వైపు చూడనే చూడడు. పెళ్లికొడుకు పేరులో ఒత్తు పక్క అక్షరానికి తగులుతోందనిపిస్తే సందు కాస్త పెంచుతాడు, ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసి వెలుతురుకు పట్టి మళ్లీ చూస్తాడు. పలకలు చెక్కే మార్కాపురంలో ఇదీ చేతిపనే, నాకు చాలా గౌరవమున్న పని.

ఆ 7.0 వచ్చింది 2001లో. తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. ఆల్డస్ 1985లో తెచ్చిన పేజ్‌మేకర్ 1994లో కంపెనీతో సహా అడోబీ చేతికొచ్చింది. క్వార్క్‌ఎక్స్‌ప్రెస్ పోటీకి ఆ పాత కోడ్ నిలవదని 1999లో ఇన్‌డిజైన్ తెచ్చారు. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. తప్పు ఆ తర్వాత జరిగింది. కొత్తదాంట్లో యూనికోడ్ తెలుగును సరిగ్గా కూర్చే సదుపాయం నేరుగా చేతికందింది 2012లో, సీఎస్6తో. మరుసటి ఏడాదే విడి అమ్మకాన్ని పక్కనపెట్టి కొత్త వెర్షన్లన్నీ చందాకే అన్నారు. మూఢం వస్తే ప్రెస్సులో శుభలేఖల పని ఉండదు, చందా మాత్రం ఆగదు. ఆ లెక్క గిద్దలూరు ప్రెస్సుకు ఎలా కుదురుతుంది?

అంతకన్నా బాధ కలిగించేది, 2013 నుంచి వచ్చిన ఇన్‌డిజైన్ పేజ్‌మేకర్ ఫైళ్లను అసలు తెరవదు. సీఎస్6 వరకూ తెరిచేది. అను అక్షరాలు యూనికోడ్ కావు గనుక ఫాంటు లేని సిస్టమ్‌లో అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి, ఆ తప్పు అడోబీది కాదు. కానీ తన ఫైలును తానే తెరవకపోవడం మాత్రం ముమ్మాటికీ అడోబీ బాధ్యతే. హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన శంతను నారాయణ్ 2007 డిసెంబరులో సీఈఓ అయ్యారు. చందా నిర్ణయం, ఈ తలుపు మూయడం రెండూ ఆయన హయాంలోవే. చిన్న ఊళ్ల ప్రెస్సులు అడోబీ ప్రాధాన్యాల్లో ఎక్కడా లేవు.

ఆపాలనుకున్న సాఫ్ట్‌వేర్‌ను ఆపుకోవచ్చు. పాత ఫైలు తెరిచే దారి మాత్రం ఎప్పటికీ ఉచితంగా ఉంచాలి, అది కంపెనీ తీర్చాల్సిన బాకీ.

డీటీపీ చేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మనవి. తిరునాళ్ల కరపత్రాలు, ఊరి కవుల పుస్తకాలు ఇంకా పేజ్‌మేకర్ పీఎండీ ఫైళ్లుగానే ఉంటే, ఆ పాత సిస్టమ్ పనిచేస్తుండగానే ఫాంట్లతో సహా పీడీఎఫ్ చేయండి, మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చి ఇంకోచోట భద్రపరచండి.