మహావీరుని సంఖ్యాహారం 12345654321: వర్గీకరణ – విమర్శ

కీలక పదాలు: గణితసారసంగ్రహం, పాలిండ్రోమ్, వర్గ సంఖ్య, కారణాంకాలు, అధిక సంఖ్య.

ఉపోద్ఘాతం

క్రీ.శ. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహం పావులూరి మల్లన అనువాదం ద్వారా తెలుగు సాహిత్య చరిత్రలోనూ స్థానం పొందింది. మూలగ్రంథంలోని గుణకార లెక్కలలో కొన్నింటి లబ్ధాలు కంఠాభరణాల వలె ఇరువైపులా ఒకే తీరున అమరుతాయి. 27994681ని 441తో గుణించగా వచ్చే 12345654321 వాటిలో ఒకటి. ఒకటితో మొదలై ఆరు వరకు పెరిగి, క్రమంగా తగ్గే సంఖ్యగా మహావీరుడు దీనిని వర్ణించాడు. ఇటువంటి లెక్కలను వినోదగణితమని విడిచిపెట్టడం ఎంత పొరపాటో, ఆధునిక భావనలన్నీ వీటిలోనే ఉన్నాయనడం కూడా అంతే పొరపాటు.

రూప లక్షణం

ఎటు నుండి చదివినా ఒకేలా ఉండటం వల్ల ఇది పాలిండ్రోమ్. ఈ గుణం విలువకు గాక రాత పద్ధతికి చెందినది. ఇదే విలువను ద్విసంఖ్యామానంలో రాస్తే ఈ అంకెల వరుస కనిపించదు. అయితే ఇది యాదృచ్ఛికమూ కాదు. ఈ సంఖ్య 111111కు వర్గం. గుణకారంలో నిలువు వరుసల మొత్తాలు 1 నుండి 6కు పెరిగి తిరిగి 1కి దిగుతాయి. ఏ మొత్తమూ పదికి చేరదు గనుక పై స్థానానికి అంకె పోదు. ఆధారం 7 గాని అంతకు మించి గాని ఉన్న ప్రతి స్థానవిలువ పద్ధతిలోనూ ఆరు ఒకట్ల వర్గానికి ఇదే రూపం వస్తుంది. విలువ మాత్రం మారుతుంది.

నిర్మాణ లక్షణం

111111 = 3 × 7 × 11 × 13 × 37. దాని వర్గానికి 243 భాజకాలున్నాయి. గుణకం 441 అంటే 21², గుణ్యం 27994681 అంటే 5291². లబ్ధాన్ని ముందే నిర్ణయించుకొని, దానిని విడదీసి లెక్క కూర్చారని ఇది సూచిస్తున్నది.

తనను మినహాయించగా మిగిలిన భాజకాల మొత్తం 13029870672. ఇది సంఖ్య కంటే ఎక్కువ. కనుక ఇది బేసి అధిక సంఖ్య. ఇటువంటి వాటిలో అతి చిన్నది 945. 37²ను తొలగిస్తే మిగిలే 9018009కి మాత్రం అటువంటి మొత్తం 819 తక్కువవుతుంది. ఇదే 9018009ని 22021తో గుణించి 1638లో డెకార్ట్ 198585576189ని చూపాడు. 22021 ప్రధాన సంఖ్య అయి ఉంటే అది బేసి పరిపూర్ణ సంఖ్య అయ్యేది; కాని 22021 = 19² × 61.

ముగింపు

ఈ సామ్యం ప్రభావానికి సాక్ష్యం కాదు. రెండు సంఖ్యలకూ 3, 7, 11, 13 వర్గాలు ఉమ్మడి కావడమే దానికి కారణం. మహావీరుని లెక్క భాజకాల మొత్తాన్ని ప్రస్తావించదు. అతనికి చెందవలసిన ఘనత స్థానవిలువ పద్ధతిపై గల పట్టు, లబ్ధాన్ని ఎదురుగా ఉంచుకొని లెక్క నిర్మించిన నేర్పు. అధిక సంఖ్య అనే వర్గీకరణ నేటి పఠనం చేర్చినది. ఈ రెంటినీ వేరుగా గుర్తించినప్పుడే ప్రాచీన గణితగ్రంథ విమర్శకు ప్రామాణికత చేకూరుతుంది.