కదలని ముఖం

ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో, హాస్టల్లో, రూమ్మేట్ లాప్‌టాప్ మీద మొదటిసారి చూశాను ‘వాంపైర్ హంటర్ డి: బ్లడ్‌లస్ట్’. ఫైట్లు అయిపోయాయి, రాకెట్ ఆకాశంలోకి లేచింది. ఇంకేముందిలే అని మూసేసి పడుకున్నాం. ఆ మిగిలిన కొన్ని నిమిషాల కోసమే సినిమా అంతా ఉందని తెలియడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది.

2000లో మ్యాడ్‌హౌస్ స్టూడియో తీసిన సినిమా ఇది. దర్శకుడు యోషియాకి కవజిరి. హిదెయుకి కికుచి రాసిన నవలల వరుసలో మూడోది దీనికి మూలం. ఆ నవలలకు బొమ్మలు వేసింది యోషితక అమనో. ‘ఫైనల్ ఫాంటసీ’ గేములు ఆడినవాళ్ళకి ఆయన గీత తెలిసే ఉంటుంది. పొగలా సాగిపోయే ఆ సన్నటి గీతల్ని తెరమీద నడిపించడం మామూలు పని కాదు.

కథ సుదూర భవిష్యత్తులో జరుగుతుంది. రక్తపిశాచాల కాలం చివరికొచ్చింది. మయర్ లింక్ అనే పిశాచ ప్రభువు షార్లెట్ అనే అమ్మాయిని ఎత్తుకుపోయాడు. వెనక్కి తెమ్మని, పిశాచంగా మారిపోయి ఉంటే చంపేయమని ఆమె తండ్రి డికి పని అప్పగిస్తాడు. అదే డబ్బు కోసం మార్కస్ ముఠా కూడా బయల్దేరుతుంది. తీరా చూస్తే ఆ అమ్మాయి ఇష్టపడే వెళ్ళింది. డి రక్తంలో సగం మనిషి, సగం పిశాచం. రెండు వైపులా పరాయివాడే.

“అంతా విజువల్సే, కథేం లేదు” అని దీని గురించి చాలాసార్లు విన్నాను. సగం ఒప్పుకుంటాను. మార్కస్ అన్నదమ్ములు మనకి దగ్గరయ్యేలోపే చచ్చిపోతుంటారు. ఆఖర్లో ఊడిపడే కార్మిలా విలన్‌గా నిలబడదు. కానీ ఇందులో విజువల్స్ కథకి పూసిన రంగు కాదు. మొదట్లో మయర్ వస్తుంటే ఊళ్ళో సిలువలు వాటంతటవే వంకర తిరిగిపోతాయి. అతని ముఖం చూడకముందే మనకి విషయం అర్థమైపోతుంది.

చేత్తో గీసే యానిమేషన్‌లో ప్రతి కదలికా ఖర్చే. అందుకే జపాన్ స్టూడియోలు తరచుగా ముఖాన్ని అలాగే ఉంచేసి, జుట్టునో బట్టనో కదిలిస్తాయి. రోజూ సర్వర్ బిల్లులు తగ్గించే పనిలో ఉండే నాకు ఈ పొదుపు బాగానే అర్థమవుతుంది. కవజిరి ఆ పొదుపునే పాత్రగా మార్చాడు. డి నల్లటి అంగీ గాలికి ఎగురుతూనే ఉంటుంది, ముఖం మాత్రం కదలదు. అందరికీ నడిచే కాలం అతనికి నడవదు. వాగుడంతా అతని ఎడమ అరచేతిలో కాపురమున్న ఓ పరాన్నజీవిది.

ముగింపు చెప్పేస్తున్నాను, ఏమనుకోకండి. మార్కస్ ముఠాలోని లైలా, డి మధ్యలో ఓ ఒప్పందం చేసుకుంటారు. ఇద్దరిలో ఎవరు ముందు పోతే, రెండోవాళ్ళు సమాధి దగ్గరికి పూలు తేవాలి. తను పోతే ఏడ్చేవాళ్ళు ఉండరని లైలా భయం. చివర్లో ఏళ్ళు గడిచిపోతాయి. నిండు జీవితం గడిపిన లైలా అంత్యక్రియలు. జనం ఉన్నారు, మనవరాలు ఉంది. దూరంగా డి, అదే ముఖంతో. మనవరాలు ఇంటికి రమ్మంటే రానంటాడు. లైలా భయం నిజం కానందుకు సంతోషమని చెప్పి, చిన్నగా నవ్వుతాడు. గంటన్నర పైగా కదలని ముఖం మీద ఆ చిన్న కదలికే మొత్తం కథ. మొదటి నుంచీ ఆ ముఖం కదులుతూ ఉంటే ఈ నవ్వుని మనం గమనించేవాళ్ళం కూడా కాదు.

పోయినేడు మా పెదనాన్న అంత్యక్రియలకి మాలో ఎవరికీ తెలియని ఒకాయన వచ్చాడు. దూరంగా నిలబడ్డాడు. చితి అంటుకున్నాక వెళ్ళిపోయాడు. ఎవరని అడగాలని అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఆ తర్వాతే ఈ సినిమా మళ్ళీ పెట్టుకుని, ఈసారి ఆపకుండా చూశాను.

మీరు చూస్తే మాత్రం, రాకెట్ లేచిందని లేచిపోకండి.