కిటికీ వెలుగు, గది నీడ: కూర్పు చిత్రముల విమర్శ

పట్టపగలు గదిలో నిలిచిన మనిషికి కిటికీ వెలుపలి చెట్టును, గది మూలనున్న బల్లయు రెండును కనిపించును. అచ్చటనే కెమేరాను నిలిపినచో తరచుగా రెండింటిలో ఒకటియే దక్కును. బల్ల కొరకు షట్టరును ఎక్కువసేపు తెరచిన కిటికీ తెల్లకాగితమువలె వెలవెలబోవును. చెట్టు కొరకు త్వరగా మూసిన గది యంతయు నల్లబడును. చూపు తిరిగినకొలది కంటిపాప విప్పారుచు, ముడుచుకొనుచు నుండును. నేత్రపటలము కూడ తన గ్రహణశక్తిని మార్చుకొనును. ఒకే ఎక్స్‌పోజరులో కెమేరాకు ఈ సౌకర్యము లేదు.

అందుచే వెలుగు చిత్రమును, చీకటి చిత్రమును కలిపి ఒక్కటిగా చేయు పద్ధతి ఏర్పడినది. నేడు చేతి ఫోనులు సైతము ఈ పని చేయుచున్నవి. అయితే ఇట్లు కూర్చిన చిత్రమును ఎంతవరకు నమ్మవచ్చును? రెండు ప్రసిద్ధ చిత్రములను పోల్చినచో సమాధానము దొరకును.

మొదటిది ఫ్రాన్సు దేశీయుడు గుస్తావ్ లె గ్రే 1857లో సెట్ రేవువద్ద తీసిన ‘మహాతరంగము’. ఆనాటి కొలోడియన్ ఫలకములు నీలికాంతికి మిక్కిలి త్వరగా స్పందించెడివి. సముద్రమునకు తగిన ఎక్స్‌పోజరు ఇచ్చినచో మేఘములు మాసిపోయెడివి. లె గ్రే సముద్రమునకు ఒక నెగెటివు, ఆకాశమునకు మరియొక నెగెటివు తీసి, రెండింటిని దిగంతరేఖవద్ద కలిపి ముద్రించెను. చిత్రము గంభీరముగా నున్నది. కాని నిదానించి చూచిన, మేఘములు నీటిగీత వద్ద హఠాత్తుగా తెగి అతుకును పట్టియిచ్చును. అంతకన్న ముఖ్యమైన లోపము వేరొకటి కలదు. ఆకాశము సముద్రముకన్న ఎన్ని రెట్లు ప్రకాశవంతమో ఈ చిత్రము చెప్పజాలదు. ఇది చక్కని కళ, కొలత కాదు.

రెండవది కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫోర్డ్ స్మారక చర్చి లోపలి దృశ్యము. రంగుటద్దపు కిటికీ వెనుక సూర్యుడు; లోపల చీకటి మూలలు. బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు చెందిన పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ 1997లో దీనిని ప్రకటించిరి. ఇందుకు 16 ఛాయాచిత్రములు తీయబడినవి. అన్నింటికన్న దీర్ఘమైన ఎక్స్‌పోజరు 30 సెకనులు. హ్రస్వమైనది సెకనులో 1000వ వంతు. ఒక్కొక్క మెట్టునకు కాలము సగము చొప్పున తగ్గినది. 1995లోనే స్టీవ్ మాన్, రోజలిండ్ పికార్డ్ ఇట్టి మార్గమును సూచించియుండిరి.

ఈ కృషిలోని గొప్ప గుణము, కత్తిరించి అతికింపకపోవుట. గోడపై ఒక బిందువు 1 సెకనులో ఎంత గుర్తు వేసినదో, కిటికీపై ఒక బిందువు సెకనులో 1000వ వంతులో అంతే గుర్తు వేసినదనుకొందము. అప్పుడు కిటికీ కాంతి గోడకాంతికి 1000 రెట్లు. ఈ సూత్రముతో వారు మొదట ఫిల్ము స్వభావమును, పిదప ప్రతి బిందువు కాంతిని లెక్కించిరి. మరీ తెల్లబడినవి, మరీ నల్లబడినవి తక్కువ సాక్ష్యమిచ్చును గనుక మధ్యస్థమైన వాటికి లెక్కలో ఎక్కువ విలువనిచ్చిరి.

లోపములు లేకపోలేదు. లభించిన సంఖ్యలు నిష్పత్తులు మాత్రమే. తెలిసిన కాంతితో సరిచూడనిదే నిజమైన ప్రమాణములు కాజాలవు. కాలము మిక్కిలి దీర్ఘమైనచో ఫిల్ము పై సూత్రమును తప్పును. కిటికీ కాంతి కటకములో చెదరి చీకటి మూలలపై పడును. తెర కదలినను, మనిషి నడచినను చిత్రములో దయ్యపునీడలు ఏర్పడును.

అసలు చిక్కు తరువాత వచ్చును. సాధారణ ముద్రిత పుటపై తెలుపునకు, నలుపునకు గల తేడా 100 రెట్లకు మించదు. చర్చిలోని వేల రెట్ల తేడాను అందులో ఇముడ్చవలెను. పెక్కు కూర్పు చిత్రములు చెడునది ఇక్కడనే. ప్రతి మూలను విడివిడిగా వెలిగించుటచే బల్లక్రింది నీడ ఆకాశముతో పోటీపడును. కిటికీ చట్రము చుట్టు లేని వెలుగు వలయము పుట్టును. వివరములన్నియు కనిపించును గాని వెలుగు ఎటునుండి వచ్చుచున్నదో తెలియదు. 2007లో మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ సూచించిన పద్ధతి కాంతిని లెక్కింపక, ప్రతి చిత్రమునుండి బాగుగా వచ్చిన భాగములకు ప్రాధాన్యమిచ్చి మేళవించును. చూపునకు అది హాయిగా నుండవచ్చును. కొలతకు మాత్రము పనికిరాదు.

కాబట్టి కాంతిని సేకరించుట ఒక పని, దానిని కాగితముపై చూపుట మరియొక పని. మొదటిది లెక్కకు లోబడును, రెండవది ఎన్నిక. చర్చి చిత్రము విలువ ఈ రెండింటిని వేరుగా నుంచుటలో నున్నది.

పాఠశాలలో ఈ ప్రయోగము చేయు విద్యార్థులు కెమేరాను ముక్కాలిపీటపై బిగించి, కటకపు రంధ్రమును మార్చక కాలమును మాత్రమే మార్చవలెను. రంధ్రమును మార్చిన స్పష్టత గల దూరములు కూడ మారును. కూర్చిన చిత్రముతోబాటు మూలచిత్రములను, వాటి కాలములను భద్రపరచవలెను. అవి లేనిచో చూచువారికి అందము మిగులును గాని సాక్ష్యము మిగులదు.