వెలిగే గడ్డ, వెలగని గడ్డ

జోగిపేట వైపు కిడ్నీ గడ్డలు చాలావరకు వెతకకుండానే దొరుకుతున్నాయి. గ్యాస్ అనో, నడుం నొప్పి అనో సంగారెడ్డికి పోతే, పొట్ట స్కానింగ్‌లో కిడ్నీ మీద మూడు సెంటీమీటర్ల గడ్డ ఉందని రాసిస్తారు. సీటీ తీస్తే అది నీటిబుడగ కాదు, గట్టి గడ్డే అని తేలుతుంది. "తీసేద్దాం" అంటారు సర్జన్. "ముందుగాల్నే దొరికింది బాపూ, తీసేపిద్దాం" అంటాడు కొడుకు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల మురుగు నక్కవాగు మీదుగా మంజీరలో కలిసిన చరిత్ర ఈ జిల్లాది. గడ్డ అనగానే జనం ఆ నీళ్లనే తిడతారు. ఆ కోపంలో న్యాయముంది. కానీ ఒక మనిషి కిడ్నీలో ఉన్న గడ్డ క్యాన్సరా కాదా అన్నది దానితో తేలదు.

తేలాల్సింది అదే. నాలుగు సెంటీమీటర్ల లోపు గడ్డల్ని ఆపరేషన్ చేసి తీసి పరీక్షిస్తే, దాదాపు ఐదింట ఒకటి క్యాన్సర్ కాదని బయటపడుతుంది. అప్పటికి కోత అయిపోయి ఉంటుంది. కొవ్వు ఎక్కువగా ఉండే యాంజియోమయోలిపోమాను సీటీ చాలాసార్లు పట్టేస్తుంది. చిక్కంతా ఆంకోసైటోమాతోనే. సీటీలో అది అచ్చం క్యాన్సర్‌లాగే కనిపిస్తుంది. సూది పెట్టి ముక్క తీసినా, దాన్ని క్రోమోఫోబ్ రకం క్యాన్సర్ నుంచి విడదీయడానికి పెథాలజిస్టులు కొన్నిసార్లు తడుముకుంటారు.

ఇక్కడే న్యూక్లియర్ మెడిసిన్ విద్య అక్కరకొస్తుంది. సీటీ చూసేది గడ్డ ఆకారాన్ని, దానికి అందే రక్తాన్ని. న్యూక్లియర్ స్కాన్ అడిగేది గడ్డ లోపల కణాలు ఏం చేస్తున్నాయని. ఆంకోసైటోమా కణాలు మైటోకాండ్రియాతో కిక్కిరిసి ఉంటాయి. కణానికి ఇంధనమైన ఏటీపీ ప్రధానంగా తయారయ్యేది వాటిలోనే. ఈ స్కాన్‌లో ఇచ్చే సెస్టామిబి అనే మందుకు ధనావేశం ఉంటుంది కనుక అది పోయి మైటోకాండ్రియాలోనే కుదురుకుంటుంది. కిడ్నీ క్యాన్సర్లలో ఎక్కువ శాతమైన క్లియర్ సెల్ రకంలో మైటోకాండ్రియా తక్కువ. పైగా ఆ కణాల పొరల్లో మందును బయటికి తోడేసే ప్రోటీన్లు కూడా ఉంటాయి. అందుకే ఆంకోసైటోమా వెలుగుతుంది, క్లియర్ సెల్ చీకటిగా మిగులుతుంది.

మందు కొత్తదేమీ కాదు. గుండెకు రక్తం సరిగా అందుతోందా అని చూసే మిబి స్కాన్‌లో వాడేదే. దానికి తగిలించే రేడియోధార్మిక టెక్నీషియం-99ఎం ఆరు గంటలకు సగమైపోతుంది, నిల్వ చేసుకునే సరుకు కాదు. అందుకని ఆసుపత్రులు 66 గంటలకు సగమయ్యే మాలిబ్డినంను సీసపు కవచమున్న జనరేటర్‌లో తెప్పించుకుంటాయి. అందులో పుట్టే టెక్నీషియంను ఉప్పునీటితో దించుకుంటారు. ఆ రంగంవాళ్లు జనరేటర్‌ను ఆవు అని, ఈ పనిని పితకడమని పిలుస్తారు. పొద్దున్నే పితికి, సెస్టామిబి కిట్‌లో కలిపి, కొలిచి, నరంలోకి ఎక్కిస్తారు. గంటంపావు ఆగి స్పెక్ట్-సీటీ కింద పడుకోబెడతారు. గామా కెమెరా మెల్లగా చుట్టూ తిరుగుతుంది. సీటీకిచ్చే కాంట్రాస్ట్ మందు ఇందులో అక్కర్లేదు కనుక, క్రియాటినిన్ ఎక్కువున్న షుగర్ పేషెంట్లకు ఇది పెద్ద వెసులుబాటు.

మామూలు కిడ్నీ కూడా ఈ మందును కొంత పీల్చుకుంటుంది. కాబట్టి గడ్డ వెలుగును పక్కనున్న ఆరోగ్యమైన కిడ్నీ భాగంతో పోల్చి కొలవాలి. 2016లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ బృందం 50 మందితో చేసిన అధ్యయనంలో ఈ నిష్పత్తి 0.6 దాటితే వెలిగినట్టు లెక్కేశారు. అందరికీ తర్వాత ఆపరేషన్ చేసి సరిచూశారు. ఆంకోసైటోమా, దానికి దగ్గరి మిశ్రమ గడ్డలు కలిపి 8 ఉంటే 7 వెలిగాయి. మిగతా 42 గడ్డల్లో 40 వెలగలేదు. చిన్న అధ్యయనమే అయినా తేడా చెప్పుకోదగ్గదే.

అయితే రిపోర్టులో "వెలిగింది" అని ఉంటే ఇంటికి పోయి మరిచిపొమ్మని అర్థం కాదు. కొన్ని క్రోమోఫోబ్ గడ్డలూ వెలుగుతాయి. అవి మెల్లగా పెరిగే రకమే అయినా క్యాన్సరే. వెలగకపోతే క్యాన్సరే అని కూడా అనలేం, యాంజియోమయోలిపోమా కూడా చీకటిగానే ఉంటుంది. రెండు సెంటీమీటర్ల లోపు గడ్డల్లో కెమెరా తడబడవచ్చు. నా మటుకు, ఈ స్కాన్‌ను తీర్పుగా కాక, కత్తి పెట్టేముందు అడగాల్సిన ఒక గట్టి ప్రశ్నగానే చూస్తాను. వయసు మీదపడ్డవాళ్లకు, ఒక్క కిడ్నీయే ఉన్నవాళ్లకు ఆ ప్రశ్న ఇంకా అవసరం. జోగిపేటవాళ్లకు హైదరాబాద్‌లోని నిమ్స్ లాంటి చోట న్యూక్లియర్ మెడిసిన్ విభాగం అందుబాటులోనే ఉంది. గుండెకు మిబి చేసే చోట స్పెక్ట్-సీటీ కూడా ఉంటే కిడ్నీకీ చేయగలరు. అడిగేవాళ్లే తక్కువ. అందరూ పెట్-సీటీ మాటే ఎత్తుతారు గానీ, అందులో వాడే ఎఫ్‌డీజీ చక్కెర మూత్రంలోనే పోతుంది కనుక కిడ్నీ అంతా మెరిసి, గడ్డ అందులో కలిసిపోతుంది.

క్యాన్సర్‌నే నేరుగా వెలిగించే దారి ఇంకొకటి వస్తోంది. క్లియర్ సెల్ కణాల మీద ఉండే సీఏ-9 అనే ప్రోటీన్‌కు అతుక్కునే యాంటీబాడీ గిరెంటుక్సిమాబ్. దానికి జిర్కోనియం-89 తగిలిస్తారు. యాంటీబాడీ నెమ్మదిగా చేరుతుంది కనుక ఇంజెక్షన్ ఇచ్చిన ఐదు రోజులకు గానీ పెట్ తీయరు. 300 మందితో జరిగి 2024లో వెలువడ్డ జిర్కాన్ అధ్యయనంలో సున్నితత్వం (క్లియర్ సెల్ క్యాన్సర్ ఉంటే పట్టడం) 86 శాతం, నిర్దిష్టత (అది కాకపోతే కాదని చెప్పడం) 87 శాతం వచ్చాయి.

సెస్టామిబి స్కాన్‌లో గడ్డ వెలిగి, డాక్టరు కనిపెట్టి చూద్దామంటే, తర్వాతి పనికి ప్రతిసారీ హైదరాబాద్ పోనక్కర్లేదు. ఆయన చెప్పిన గడువుకు సంగారెడ్డిలోనే అల్ట్రాసౌండ్ తీయించుకోవచ్చు. పాత ఫిల్ములు, సీడీ మాత్రం వెంట తీసుకెళ్లాలి. గడ్డ పెరిగిందా లేదా అన్నది పాత కొలత పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.