ముందు గది ఎంత ఉడుకుందో చూడు

ఏప్రిల్ సగం దాటితే తిరుపతిలో నాకు ఫోన్లు మొదలవుతాయి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో సామాన్లు కొని ఇంట్లో కంప్యూటర్ సొంతంగా అసెంబుల్ చేసుకున్న ఇంజనీరింగ్ పిల్లలు, పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేసే స్టూడియోవాళ్ళు, కొడుక్కి కొనిచ్చి భయపడుతున్న నాన్నలు. "అన్నా, ప్రాసెసర్ 93 చూపిస్తా ఉంది, కాలిపోతుందా?" అందరిదీ దాదాపు ఇదే ప్రశ్న. నేను తిరిగి అడిగేదీ ఒకటే: "గదిలో ఎంతుంది?" దీనికి మాత్రం జవాబు రాదు. ప్రాసెసర్ వేడిని దశాంశాలతో సహా చెప్పే పిల్లాడు కూడా తాను కూర్చున్న గది వేడిని కొలిచి ఉండడు. రెండు మూడు వందలకు గోడకు తగిలించుకునే చిన్న డిజిటల్ థర్మామీటర్ దొరుకుతుంది. కొత్త కూలర్ కన్నా ముందు అది కొనమని పోరుతుంటాను.

ప్రాసెసర్ మీద కూర్చున్న హీట్‌సింక్, దాని ఫ్యాన్ చేసే పని ఒక్కటే: చిప్‌లో పుట్టిన వేడిని గది గాలిలో కలపడం. గది గాలికంటే చల్లగా చిప్‌ను ఉంచే శక్తి వాటికి లేదు. కాబట్టి తెరమీద కనిపించే అంకెలో గది వేడి కూడా కలిసే ఉంటుంది. ఒక కూలర్ 65 వాట్ల లోడు దగ్గర చిప్‌ను గది కంటే 45 డిగ్రీలు పైన నిలబెడుతుందనుకుందాం. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లెలో, డిసెంబర్ రాత్రి గది 20 డిగ్రీలు ఉంటే, చిప్ 65 చూపిస్తుంది. అదే మిషన్‌ను మే నెలలో తిరుపతికి తెచ్చి మిద్దె మీది గదిలో పెట్టి అదే పని చేయిస్తే 85 చూపిస్తుంది, గది 40 ఉంది గనుక. చెడిపోయింది ఏదీ లేదు. చిప్ వేడెక్కేకొద్దీ లోపల వృథాగా పారే కరెంటు కూడా కాస్త పెరుగుతుంది కాబట్టి ఇంకో రెండు మూడు డిగ్రీలు అదనంగా రావచ్చు. యూట్యూబ్‌లో ఏదో చలిదేశపు కుర్రాడు తన మిషన్ 65 దాటదని చెప్తే మనవాళ్ళకు దిగులు పట్టుకుంటుంది. అతని గదిలో 21 డిగ్రీలు ఉందన్న సంగతి అతను చెప్పడు, మనవాళ్ళు అడగరు.

రాసిపెట్టుకోవలసింది తేడాను. చిప్ అంకెలోంచి గది అంకె తీసేస్తే మిగిలేది. ఆ తేడా నిరుటిలాగే ఉంటే కూలర్ ఆరోగ్యంగా ఉన్నట్టు. నిరుడు 45 ఉన్నది ఇప్పుడు 60 అయితే, అప్పుడు స్క్రూడ్రైవర్ తీయాలి.

కాలిపోతుందన్న భయం పాత రోజుల నుంచి వచ్చింది, అప్పట్లో దానికి కారణమూ ఉంది. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే సంస్థ ఒక వీడియో తీసింది. నడుస్తున్న కంప్యూటర్ల హీట్‌సింక్‌లు పీకి చూపించారు. పెంటియం 4 వేగం తగ్గించుకుని బతికింది. ఏఎండీ అథ్లాన్ పొగ వచ్చి చచ్చిపోయింది. ఇప్పటి చిప్‌లన్నీ ఆ పెంటియం దారిలోనే నడుస్తాయి. ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లలో చాలావాటికి 100 డిగ్రీలు గీత. దాన్ని తాకగానే వేగం తగ్గుతుంది, అప్పటికీ ఆగకపోతే మిషన్ ఆరిపోతుంది. ఏఎండీ రైజెన్ 7000 రకాలైతే పూర్తి లోడులో 95 దాకా వెళ్ళేలాగే తయారయ్యాయి. 93 చూసి ప్రాణం పోతుందని బెంబేలెత్తనక్కర్లేదు. నష్టం మరో రకంగా ఉంటుంది: రెండు గంటల్లో అవ్వాల్సిన రెండర్ మూడు గంటలు పట్టడం, ఫ్యాన్ మోత, మధ్యలో ఆరిపోయి పని పోవడం.

తేడా పెరిగిందని తేలాక వేడి ఎక్కడ ఇరుక్కుందో వెతకాలి. దారి ఇది: చిప్ నుంచి పేస్ట్, పేస్ట్ నుంచి హీట్‌సింక్ అడుగు, అక్కడి నుంచి రేకులు, రేకుల నుంచి క్యాబినెట్‌లోని గాలి, ఆ గాలి నుంచి గది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, ఎందుకంటే ఏమీ విప్పకుండానే సగం తెలిసిపోతుంది. లోడు ఇచ్చి అంకె ఎంత త్వరగా ఎక్కుతుందో చూడాలి. రెండు మూడు సెకన్లలో 45 నుంచి 95కి ఎగబాకితే చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య సరైన తాకిడి లేదు. మెల్లగా, పది పదిహేను నిమిషాలు పాకుతూ ఎక్కితే తాకిడి బాగానే ఉంది, గాలి కదలడం లేదు. చిప్ 95 చూపిస్తున్నప్పుడు హీట్‌సింక్ రేకుల అంచు మీద వేలు పెట్టి చూసినా తెలుస్తుంది, ఫ్యాన్ రెక్కలకు తగలకుండా జాగ్రత్తగా. రేకులు వేలికి గోరువెచ్చగానే ఉంటే వేడి వాటిదాకా రావడమే లేదన్నమాట. ఇక క్యాబినెట్ పక్క ప్యానెల్ తీసి నడిపితే అంకె పది డిగ్రీలు దిగిందా, చిప్‌లో తప్పు వెతకడం మానేసి క్యాబినెట్ గాలిదారి చూడాలి.

కొర్లగుంటలో ఒక అబ్బాయి మిషన్‌కు మొదటి రకం జబ్బు. ఐ5-12400 ప్రాసెసర్, పెట్టెలో దానితో వచ్చిన కూలరే. చెన్నైలోనే బిగించి, ఇంటికి తెచ్చుకునేటప్పుడు పుత్తూరు మీదుగా బస్సు డిక్కీలో పడుకోబెట్టి తెచ్చాడు. ఆ కూలర్‌ను మదర్‌బోర్డుకు పట్టుకునేవి నాలుగు ప్లాస్టిక్ పిన్నులు. 2004 నుంచి ఇంటెల్ ఈ పద్ధతి వాడుతోంది, ఇంత పెద్ద సంస్థ ఇంత కీలకమైన చోట దీన్ని ఇన్నేళ్ళు ఉంచడం నాకు నచ్చదు. బయటికి నాలుగూ దిగినట్టే కనిపిస్తాయి. బోర్డు వెనక్కి టార్చి వేస్తే ఒకదాని కాళ్ళు విచ్చుకోలేదు. "పిన్ను ఒకటి లేచింది రా అబ్బోడా" అంటే నమ్మలేదు, "దుకాణంలో టెస్ట్ చేసే ఇచ్చినారు గదన్నా" అన్నాడు. నిజమే, దుకాణంలో బాగానే ఉండి ఉంటుంది. ఒక మూల వెంట్రుకవాసి లేచినా చాలు, మధ్యలో గాలి చేరుతుంది. రాగి ఉష్ణవాహకత 400 అయితే అల్యూమినియంది 200 పైన, మామూలు పేస్ట్‌ది 4 నుంచి 10, గాలిది 0.026. ఆ ఒక్క మూల ఎంత పని చెడగొడుతుందో ఈ అంకెలే చెప్తాయి.

కూలర్ తీసినప్పుడల్లా పాత పేస్ట్ తుడిచి కొత్తది వేయాల్సిందే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నూలుగుడ్డ తడిపి తుడిస్తే పోతుంది. నడిమధ్యన బఠాణీ గింజంత చాలు. పేస్ట్ పని చిన్న చిన్న గుంతలు నింపడం, పొరలా పరచడం కాదు. పిన్నులు ఎదురెదురు మూలలవి జతగా నొక్కాలి, టక్కుమని వినపడేదాకా. పిన్ను తలమీద బాణం గుర్తు ఉంటుంది, అది ఊడదీసే దిక్కు. నొక్కేముందు నాలుగు తలలూ దానికి వ్యతిరేక దిక్కున ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఫ్యాన్ వైరు మదర్‌బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే గుచ్చాలి. ఇంతచేసి లోడు పెడితే ఆ అబ్బాయి అంకె ఎగబాకడం మానేసింది.

రెండో రకం జబ్బు, మెల్లగా ఎక్కేది, మన ఇళ్ళలో ఎక్కువ. దుమ్ము అన్ని ఊళ్ళలోనూ ఉంటుంది. మన దగ్గర దానికి సాంబ్రాణి, అగరబత్తి పొగ, తిరగమోత నూనె ఆవిరి తోడై జిగురు పడుతుంది. ఫ్యాన్‌కూ రేకులకూ నడుమ కంబళి ముక్కలా అట్టకట్టేది అదే. పైనుంచి బ్లోయర్ కొడితే పైది ఎగురుతుంది, కింది అట్ట అలాగే ఉంటుంది. కూలర్ విప్పి, పెయింట్ బ్రష్‌తో రేకు రేకూ దులపాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకపోతే అది గిర్రున తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. కంప్యూటర్ టేబుల్ కింద తలుపున్న అరలో క్యాబినెట్‌ను దాచడం, వెనకవైపు గోడకు ఆనించడం, పక్కనే ఛార్జ్ అవుతున్న ఇన్వర్టర్ బ్యాటరీని పెట్టడం, ఈ మూడూ ఒకే ఇంట్లో చూశాను. ఆ వేడి బ్యాటరీకీ చేటే. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు తయారయ్యే ఊరివాళ్ళం, ఉడుకులో బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుందని మనకు ఇంకొకరు చెప్పాలా?

ఎన్ని చేసినా మిగిలేది గది. స్లాబు కింది గది సాయంత్రం తర్వాత కూడా చల్లారదు, పగలు తాగిన ఎండను రాత్రి దించుతుంది. పిల్లలు ఆటలకు కూర్చునేదీ అప్పుడే. గ్రాఫిక్స్ కార్డుతో కలిపి 300 వాట్లు తాగే మిషన్ ఆ 300 వాట్లనూ గదిలోనే వేడిగా వదులుతుంది. సీలింగ్ ఫ్యాన్ ఒంటికి హాయినిస్తుంది గానీ గదిని ఒక్క డిగ్రీ కూడా దించదు. మన జిల్లాలోనే శ్రీసిటీలో డైకిన్, బ్లూ స్టార్ ఏసీలు తయారవుతున్నాయి, అయినా మిద్దె మీద పిల్లవాడి చదువు గదిలో ఏసీ ఉన్న ఇళ్ళు నాకు తెలిసినంతలో తక్కువే. పొద్దు వాలాక కిటికీలు తీయడం, మిద్దె మీద తెల్ల సున్నం కొట్టించడం, కుదిరితే వేసవికి మిషన్‌ను కింది గదికి దించడం, ఇవి కూలర్ మార్చడం కన్నా మేలు చేస్తాయి. లిక్విడ్ కూలర్ కొనమని చాలామంది సలహా ఇస్తారు. కొన్ని పెద్ద చిప్‌లకు అవసరమే. అయితే ఆ నీళ్ళూ వేడిని ఇదే గదిలోకే తెస్తాయి. ఐ5కి అంత ఖర్చు నేను చేయించను.

నేను చేయించేది బయాస్‌లో ఉంటుంది. ఆ ఐ5 మామూలు లెక్క 65 వాట్లు, గరిష్ఠంగా 117 దాకా అనుమతి ఉంది. చాలా మదర్‌బోర్డులు ఆ పై గేటును ఎప్పుడూ తెరిచే ఉంచుతాయి. తేడా వాట్లతో పాటే పెరుగుతుంది: 65 వాట్లకు 45 డిగ్రీలైతే 90 వాట్లకు 62. మదనపల్లె చలి రాత్రి అది 82తో సరిపోతుంది. మన మిద్దె గదిలో 40కి కలిపితే 102, అంటే గీత దాటినట్టే. అందుకే పవర్ లిమిట్ 65 దగ్గర కట్టేయిస్తాను. రెండర్ కాస్త ఆలస్యమవుతుంది, ఆటల్లో తేడా దాదాపు తెలియదు, ఫ్యాన్ మోత తగ్గుతుంది. కొర్లగుంట అబ్బాయికీ అలాగే పెట్టించాను. మే 25 దగ్గర వచ్చే రోహిణి కార్తె దాటేదాకా అని మొదట చెప్పాను గానీ, తిరుపతికి గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలవే. అక్టోబర్, నవంబర్‌లలో గది 28కి దిగినప్పుడు కూలర్ ఒకసారి దులుపుకుని, అప్పుడు 90 వాట్ల దాకా తెరుచుకోమన్నాను.