పొట్టు ఎగరని బల్ల

మా తలుపులకు అంచులు తీర్చిన వడ్రంగి కొట్టులో నేల చూసి ఆశ్చర్యపోయాను. చెక్క అంచులు తీర్చే యంత్రం, రూటర్, బిగించిన బల్ల చుట్టూ పిడికెడు పొట్టు కూడా లేదు. నిమిషానికి 20,000 చుట్లు తిరిగే దాని కోత పలుగు, అంటే బిట్, చెక్కను పిండి చేసి విసురుతుంది. చిత్రిక పట్టినప్పుడు రాలే చుట్టలు కాళ్ల దగ్గర పడి ఊరుకుంటాయి. రూటర్ పిండి మాత్రం గాలిలో తేలి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చెక్క ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది.

ఆ వడ్రంగి బల్ల కింద మోటారు చుట్టూ ప్లైవుడ్ పెట్టె కట్టాడు. వెనక వ్యాక్యూమ్ గొట్టం, ముందు తలుపుకు గాలి రంధ్రాలు. రంధ్రాలు చాలకపోతే మోటారు వేడెక్కుతుంది, గొట్టం పీల్చడానికి గాలీ అందదు. మరీ ఎక్కువైతే పీల్పు బలం తగ్గుతుంది. ఆ కొలత కుదర్చడంలోనే ఉంది పనితనమంతా. పైన ఎగిరే పొట్టు కోసం బిట్ వెనకాల, చెక్కను ఆనించి తోసే ఫెన్స్‌కు ఇంకో గొట్టం. చాలామంది దీన్ని వదిలేస్తారు.

పెట్టె మోటారు రొదను కొంత మింగుతుంది. బిట్ చెక్కను కోసే అరుపు మాత్రం పోదు. అందుకే ఆయన మొద్దుబారిన బిట్ వాడడు, ఒక్కసారే లోతుగా కోయడు, చెవులకు మఫ్‌లు తీయడు. రోజూ 8 గంటలు 85 డెసిబెల్స్ దాటిన రొదలో ఏళ్ల తరబడి పనిచేస్తే వినికిడి దెబ్బతింటుంది. రూటర్ ఆ హద్దును సులువుగా దాటుతుంది.

ఇంట్లో చెక్కపని పెట్టిస్తున్నారా? మాస్క్, మఫ్‌ల ఖర్చు కూడా కూలితో కలిపి ఇవ్వండి.