అమీర్‌కి అమ్మ ఉందా?

డిగ్రీ రెండో ఏడాదిలో మా తెలుగు క్లాసులో 'మైదానం' మీద చర్చ పెట్టారు. రాజేశ్వరి చేసింది ఒప్పా తప్పా అని రెండు జట్లయి వాదించుకున్నారు. అమీర్ పేరు వచ్చినప్పుడల్లా వెనక బెంచీలో కూచున్న ఒక సాయిబుల అబ్బాయి వైపు అందరి తలలూ తిరిగేవి. నవ్వులు. డిగ్రీ అయ్యేదాకా ఇక అతని పేరు అమీరే. ఆ క్లాసులో ముస్లిం అమ్మాయిని నేనొక్కదాన్నే. నా వైపు ఒక్కరూ చూడలేదు. ఆ నవల్లో నేనెక్కడుంటానో ఎవరికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి అమ్మీకి కథ చెప్పాను. అమ్మీకి చదువు రాదు. ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ అంతా విన్నది. ప్లీడరు భార్య లేచిపోవడం విన్నది, వాగు పక్కన కాపురం విన్నది, చివర్లో అమీర్ చావు, రాజేశ్వరి జైలు విన్నది. విని ఒక్క మాట అడిగింది. "ఆ పిల్లగానికి అమ్మ లేదా?"

'మైదానం' వచ్చి (1927) వందేళ్ళు కావొస్తోంది. ఇన్నేళ్ళలో చలాన్ని తిట్టినవాళ్ళున్నారు, నెత్తిన పెట్టుకున్నవాళ్ళున్నారు. అభ్యుదయ విమర్శకులు ఒక రకంగా చదివారు, స్త్రీవాదులు ఇంకో రకంగా చదివారు. అందరి వాదనా రాజేశ్వరి చుట్టూనే. అమ్మీ అడిగిన ప్రశ్న నేను చదివిన ఏ వ్యాసంలోనూ లేదు.

చలం మీద నాకు కోపం లేదు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ గృహిణిని ముస్లిం పురుషుడితో పంపించి, దాన్ని ప్రేమ అని పిలవడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. ఇవాళ కూడా అలాంటి జంటను బతకనిచ్చే ఊళ్ళు ఎన్నో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నా పేచీ వేరే. ఆ నవల అమీర్‌కి ఒళ్ళు ఇచ్చింది, కోరిక ఇచ్చింది, అసూయ ఇచ్చింది. ఇల్లు ఇవ్వలేదు. పుస్తకం మూశాక అతని వాకిలి గుర్తురాదు, అతని వాళ్ళ అన్నం గుర్తురాదు. అతని మనసు ఇంకో అమ్మాయి మీదికి మళ్ళినప్పుడు కూడా కథ రాజేశ్వరి గుండెలోనే నడుస్తుంది. ఆ అమ్మాయి గుండెలో ఏముందో మనకు తెలీదు. రాజేశ్వరికి కడుపొస్తే బిడ్డ వద్దంటాడు అమీర్. మైదానంలో పిల్లలుండకూడదు మరి. పిల్లలుంటే నానమ్మ కావాలి.

అసలు ఆ మైదానం ఎందుకు అవసరమైంది? రాజేశ్వరికి పెళ్ళిలోంచి బయటికి దారి లేదు గనక. అగ్రవర్ణ హిందూ స్త్రీకి దేశమంతటా చట్టపరంగా విడాకులు దక్కడానికి 1955 దాకా ఆగాల్సొచ్చింది. గోడకి తలుపు లేనప్పుడు గోడ దూకాల్సిందే. సరే. కానీ ఆమె దూకి ఎవరి దగ్గరికి పోయింది? పెళ్ళిని ఒప్పందంగా చూసే ఇళ్ళలోంచి వచ్చినవాడి దగ్గరికి. నిఖా అంటే రెండు పక్షాల ఖుబూల్, ఇద్దరు గవాహులు, పెళ్ళికూతురి పేర మెహర్. తెగతెంపులకి తలాఖ్ ఉంది, ఖులా ఉంది. విధవకు మళ్ళీ పెళ్ళి ఉంది. మంచీ చెడ్డా తర్వాత మాట్లాడదాం. ముందు, ఇదొక వేరే పెళ్ళి అన్న స్పృహ అయినా నవలకి ఉండాలి కదా? లేదు. పెళ్ళి అంటే ప్లీడరు గారి పెళ్ళే. దాన్ని కాదంటే మిగిలేది మైదానం. మా ఇళ్ళు ఆ లెక్కలోకే రాలేదు.

ఇక మంచీ చెడ్డా. మా పెళ్ళి గొప్పదని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఖులా కాగితం మీద ఉన్నంత సులువుగా ఆడవాళ్ళ చేతికి రాలేదు. మొగుణ్ణి వదిలించుకోవడానికి మతాన్నే వదులుకున్న ముస్లిం స్త్రీలు బ్రిటిష్ కాలంలో ఉన్నారు. ఆ పరిస్థితిలోంచే 1939లో ముస్లిం వివాహ రద్దు చట్టం వచ్చింది. వాళ్ళ పక్కన రాజేశ్వరిని కూచోబెట్టి చూడండి, ఎన్ని కథలుంటాయో! మెహర్ సంగతీ అంతే. అది నోటిమాటగా అమ్మాయికి పోతుంది. జోడే కీ రఖం మాత్రం రొక్కంగా అబ్బాయికి పోతుంది.

ఈ పెళ్ళిని లోపలినుంచి చూసిన నవలలు ఉర్దూలో ముందునుంచీ ఉన్నాయి. డిప్టీ నజీర్ అహ్మద్ 'మిరాతుల్ ఉరూస్' 1869 నాటిది. తర్వాత ఆయన నైజాం కొలువులో హైదరాబాదులో కూడా పనిచేశాడు. అందులో అక్బరీ, అస్గరీ అక్కచెల్లెళ్ళు. అన్నదమ్ములిద్దర్ని చేసుకుంటారు. అక్బరీ గయ్యాళి, కాపురం చెడగొట్టుకుంటుంది. అస్గరీ లెక్కలు చూస్తుంది, ఇంట్లో దోచుకుతింటున్న పనిమనిషి మామా అజ్మత్‌ని పట్టిస్తుంది, ఆడపిల్లలకి బడి పెడుతుంది, మొగుణ్ణి ఉద్యోగంలో పైకి తోస్తుంది. నీతులెక్కువ. బ్రిటిష్ సర్కారు బహుమతి ఊరికే ఇవ్వలేదు. అయినా పర్దా వెనకనుంచి ఒక ఆడమనిషికున్న ఆశ ఎంత దూరం పోగలదో ఆ పుస్తకంలో కనిపిస్తుంది.

మిర్జా హాదీ రుస్వా 'ఉమ్రావ్ జాన్ అదా' (1899) ఇంకా పెద్ద పుస్తకం. 1981 నాటి సినిమా చూసి ఉమ్రావ్ అంటే రేఖే అనుకునేవాళ్ళు నవల చదవాలి. ఫైజాబాదు పిల్ల అమీరన్‌ని ఎత్తుకుపోయి లక్నోలో కోఠాకి అమ్మేస్తారు. అదే చెరలో ఉన్న రామ్‌దేయి అనే పిల్లని ఒక బేగం కొంటుంది. ఏళ్ళ తర్వాత చూస్తే రామ్‌దేయి నవాబు ఇంటి బేగం, అమీరన్ తవాయఫ్ ఉమ్రావ్ జాన్. ఇద్దరూ అమ్ముడుపోయినవాళ్ళే. పెళ్ళికీ కోఠాకీ మధ్య ఉన్నది శీలం కాదు, ఎవరు కొన్నారన్నదే. సొంత ఊళ్ళో తల్లి గుమ్మం దాకా వెళ్ళి కూడా అమీరన్ అక్కడ ఉండలేకపోతుంది. తలుపు మూసింది అన్నదమ్ముల పరువు.

ఇవి చదివి మురిసిపోయాను. తర్వాత అమ్మీ చేతులు చూశాను. అస్గరీకి పనిమనిషి ఉంది. మా ఖాలాలే పనిమనుషులు. లక్నో నవాబులు, ఢిల్లీ షరీఫు కుటుంబాలు మాకు ఎంత దూరమో ప్లీడరు గారి ఇల్లూ అంతే దూరం. తెలుగులో మాది తురకల వాడ. ఉర్దూలో మాది పల్లెటూరి భాష, చిన్న కులం. దూదేకుల ఇళ్ళల్లో నిఖా చదివించి తాళి కూడా కడతారు. ఈ ముచ్చట నజీర్ అహ్మద్‌కి చెప్తే ముఖం చిట్లించేవాడు. చలానికి చెప్తే వినేవాడేమో, ఎవరూ చెప్పలేదు.

1990ల తర్వాత కొంత మారింది. 1999లో వచ్చిన ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు'లో నానమ్మలున్నారు, అమ్మలున్నారు. సలీం 'వెండిమేఘం' నవలలో మన కోస్తా ముస్లింల ఇళ్ళున్నాయి. అమీర్‌కి ఇప్పుడిప్పుడే ఇల్లు కడుతున్నాం.

నాకు ఇంకో నవల కావాలి. మా పెద్ద ఖాలా మొగుడు చచ్చిపోయిన రోజు, జనాజా లేచేముందు, ఆమెను శవం పక్కన నిలబెట్టి మెహర్ మాఫ్ చేశానని చెప్పమన్నారు. 525 రూపాయల మెహర్. నలభై ఏళ్ళ కాపురంలో ఒక్క రూపాయి చేతికి రాలేదు. ఖాలా చాలాసేపు మాట్లాడలేదు. జనం గుసగుసలు మొదలుపెట్టారు. ఎండ ఎక్కుతోందని ఎవరో అన్నారు. మౌల్వీసాబ్ మళ్ళీ అడిగాడు. మూడోసారికి గానీ ఆమె తల ఊపలేదు.